తమ్ముడి గొంతు

సీమ్ తన బేస్ గిటారును అన్న క్రేలిస్ ఇంటి గుమ్మానికి ఆనించి, తలుపైనా తట్టకుండా వెళ్ళిపోయిన చోట పోయిన వారం ఆగాం. దాని తీగల మధ్య మడిచి దూర్చిన కాగితాన్ని క్రేలిస్ శనివారం పొద్దున గాని విప్పలేదు. అది ఉత్తరం కాదు. గురువారం వచ్చిన పాటల వారపత్రికలోంచి చింపిన పేజీ. పైన అతని ఫొటో, కింద అతని మాటలే పెద్ద అక్షరాల్లో: ‘మా తమ్ముడా? వాడు పాడటమా? వాడిది చెక్క నాలుక. అమ్మ బతిమాలితే వెనకాల నిలబెట్టుకున్నాను.’

ఆ మాట ఎంత పెద్ద అబద్ధమో లోకంలో ఏడుగురికే తెలుసు.

క్రేలిస్ మోయర్ హాలండులోని వోలెండామ్ అనే రేవు ఊళ్ళో జాలరి కొడుకు. చర్చిలో పాడుతూ పెరిగి, పద్దెనిమిదో ఏట స్నేహితుల్ని పోగేసి ‘డైక్‌లైట్స్’ అనే బృందం కట్టాడు. హాలండంతా అతని పాటలు పాడుకుంది. ఆడపిల్లలు బస్సులు కట్టించుకుని వచ్చి రేవు కట్ట మీద అతని ఇంటి కిటికీ తెరలు చింపుకుపోయేవాళ్ళు. రెండేళ్ళ క్రితం జర్మనీలో నలభై రోజుల్లో ముప్ఫై ఆరు కచేరీలు చేసి తిరిగొచ్చేసరికి గొంతులో కాయలు కాశాయి. పాట మాట దేవుడెరుగు, మాట్లాడటమే మానమన్నాడు ఆమ్‌స్టర్‌డామ్ డాక్టరు. బోర్డింగ్ అనే వాళ్ళ మేనేజరు కచేరీలు మానడానికి ఒప్పుకోలేదు. ఇంట్లోనే అదే అచ్చులో పోసినట్టు ఇంకో గొంతు ఉంది కదా! ఆరేళ్ళు చిన్నవాడైన సీమ్, మలుగు చేపలు పొగబెట్టుకుని బతికేవాడు. అప్పటినుంచి స్టూడియోలో పాడింది సీమ్. వేదిక మీద దీపం పడని మూల నిలబడి, బేస్ వాయిస్తూ పాడింది సీమ్. ముందు నిలబడి నోరు కదిపింది క్రేలిస్. అలా వచ్చిందే ‘ఐస్ ఆన్ ది హార్బర్’. డైక్‌లైట్స్ పాటలన్నిటినీ మించిపోయింది. మూడో చరణంలో గొంతు ఒక్క గెంతున పైకెక్కి అక్కడే నిలబడుతుంది చూడండి, ఆ చోటు కోసమే జనం రికార్డులు కొన్నారు.

ఈ రెండేళ్ళూ క్రేలిస్ దేశమంతా కచేరీలు చేశాడు గాని సొంత ఊళ్ళో చెయ్యలేదు. ఏదో వంకతో తప్పించుకున్నాడు. 1974 సెప్టెంబరులో ఇక వంకలు అయిపోయాయి. ఊరి తిరునాళ్ళు. సాయంత్రం నాలుగింటికి రేవులో కచేరీ. సీమ్ లేకపోతే పాట లేదు.

క్రేలిస్ పేజీని నలిపి జేబులో కుక్కుకుని, తమ్ముడు చేపలు పొగబెట్టే కొట్టుకు బయలుదేరాడు.

కొట్టు తలుపు తెరిచే ఉంది. సీమ్ ఇనప చువ్వకు చేపల్ని తలల దగ్గర గుచ్చుతున్నాడు. అన్న నీడ గుమ్మంలో పడినా తలెత్తలేదు. అతని భార్య నేల్ ఆరు వారాల పిల్లాణ్ణి భుజాన వేసుకుని బల్ల దగ్గర నిలబడి ఉంది. తలెత్తింది ఆవిడే.

“రండి బావగారూ,” అంది. “రొట్టెల కొట్టు మీదుగా వచ్చారా? ఆ కొట్టావిడ మిమ్మల్నేమీ అడగలేదా?”

“ఏం అడగాలి?”

“నన్ను అడిగింది లెండి. ‘చెక్కనాలుకవాళ్ళ బుజ్జిగాడు ఎలా ఉన్నాడమ్మా’ అని. క్యూలో పదిమంది నవ్వారు.”

ఆ ఊళ్ళో సగం మందికి ఒకే ఇంటిపేర్లు. మనుషుల్ని మారుపేర్లతోనే గుర్తుపడతారు. ఒకసారి అంటుకున్న పేరు మూడు తరాలకు గాని వదలదు. క్రేలిస్ వాళ్ళ తాత తాగి తారు పీపాలో పడ్డాడని వాళ్ళని ఇప్పటికీ ‘తారోళ్ళు’ అనే పిలుస్తారు. తాత పోయి నలభై ఏళ్ళయింది.

“పత్రికవాళ్ళు మాటలు మెలితిప్పుతారు. మీకు తెలీదా?” అన్నాడు క్రేలిస్.

“మెలితిప్పారా?” సీమ్ మొదటిసారి నోరు విప్పాడు. “నువ్వు ఏమన్నావు, వాళ్ళు ఏం తిప్పారు? చెప్పు, వింటాను.”

“ఆ పత్రిక పిల్ల పదే పదే నీ గురించే అడిగింది రా. మూలన నిలబడే మీ తమ్ముడి పెదాలు ఎందుకు కదులుతాయి అంది. నా గుండె ఆగిపోయింది. ఏదో ఒకటి అని నోరు మూయించాలిగా. మనందరి కోసమే అన్నాను.”

“మనందరి కోసం. సరే. పాడలేడు అంటే సరిపోయేది కదన్నయ్యా? చెక్క నాలుక ఎందుకొచ్చింది? అమ్మ బతిమాలడం ఎందుకొచ్చింది? అమ్మ ఎప్పుడు బతిమాలింది? ఇదే కొట్లో, ఇదే బల్ల ముందు, నువ్వు పలక మీద సుద్దతో రాసి బతిమాలావు. ‘ఒక్క రికార్డు, సీమ్’ అని రాశావు. గొంతు లేదు నీకు అప్పుడు. మరిచిపోయావా?”

“మరిచిపోలేదు. అందుకే కదా ఎండాకాలం తరవాత నీ పేరు మీద ఒక పాట వేయిస్తానన్నాను.”

“ఏ ఎండాకాలం? పోయినదా, అంతకుముందుదా?”

బయట తిరునాళ్ళ రంగులరాట్నం సంగీతం మొదలై, ఎవరో ఆపినట్టు టక్కున ఆగింది. క్రేలిస్ గొంతు తగ్గించాడు. తగ్గించి మాట్లాడితే సీమ్ మెత్తబడతాడని చిన్నప్పటి నుంచీ అతని నమ్మకం.

“చూడరా. ఈ సాయంత్రం ఒక్కటి గడిపేద్దాం. మన ఊరు ఇది. రేపు కూర్చుని మాట్లాడుకుందాం.”

“వస్తాను,” అన్నాడు సీమ్. చువ్వను కొక్కేనికి తగిలించి చేతులు తుడుచుకున్నాడు. “వస్తాను. పాటకు ముందు నువ్వు మైకు పట్టుకుని ఒక్క మాట చెప్పాలి. ‘రెండేళ్ళుగా మీరు వింటున్నది నా తమ్ముడి గొంతు’ అని. అంతే. అది చెప్పాక నీకోసం ఎన్నేళ్ళు కావాలంటే అన్నేళ్ళు చీకట్లో నిలబడి పాడతాను.”

“పిచ్చి పట్టిందా నీకు? ఆ మాట చెబితే నేనుంటానా? బృందం ఉంటుందా?”

“నువ్వుండాలి కాబట్టి నేను చెక్కనాలుకనై పోవాలా? నా కొడుకూ వాడి కొడుకూ?”

“నీకేం లోటు చేశాను రా? నా పేరు లేకపోతే నీ పాట ఎవడు వింటాడు? చేపల కంపు కొట్టే నిన్ను చూసి ఒక్క పిల్లైనా కిటికీ తెర చింపుతుందా?”

అనేశాక క్రేలిస్ నాలుక్కరుచుకున్నాడు. కాని మాట పెదవి దాటింది. నేల్ పిల్లాణ్ణి ఇంకో భుజానికి మార్చుకుని, గోడ మేకుకు తగిలించిన సంచీలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది.

“మంగళవారం మీ వేదిక కోటుకి బొత్తాం కుట్టమని ఇచ్చారు బావగారూ. లోపలి జేబులో ఇది దొరికింది. మీ తమ్ముడికి చూపించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. గురువారం ఆ పత్రిక చదివాక ఆలోచించడం మానేశాను.”

క్రేలిస్ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్ డాక్టరు ముద్ర.

“ఏప్రిల్ తొమ్మిదో తారీకు,” అన్నాడు సీమ్. అతనికి ఆ ఉత్తరం కంఠతా వచ్చేసినట్టుంది. “‘స్వరతంత్రులు పూర్తిగా నయమయ్యాయి. ఇక మీదట నిరభ్యంతరంగా పాడవచ్చు.’ ఇది సెప్టెంబరు. ఐదు నెలలు! నీ గొంతు బాగైపోయి ఐదు నెలలైతే నన్ను ఆ మూలన ఎందుకు నిలబెట్టావు? నా పెళ్ళాం నొప్పులు పడుతుంటే నేను జర్మనీలో, కొలోన్లో, నీకోసం పాడుతున్నాను. నీకు గొంతుంది అప్పుడు! నువ్వు పాడుకోవచ్చు!”

ఇక్కడ క్రేలిస్ నిజం చెప్పి ఉంటే కథ వేరేలా ఉండేది. నిజం ఇదీ. ఏప్రిల్లో ఆ ఉత్తరం వచ్చిన మర్నాడే అతను ఒంటరిగా పడవ వేసుకుని రేవు దాటి వెళ్ళాడు. చుట్టూ ఎవరూ లేని చోట ఇంజను ఆపి పాడాడు. గొంతు వచ్చింది. శ్రుతి తప్పలేదు, బొంగురు లేదు. కాని అది ఏ బడిపంతులుకైనా ఉండే గొంతు. మూడో చరణం దగ్గర పైకి ఎగరబోతే, కంచె దూకబోయి కాళ్ళు తట్టుకున్న గొర్రెలా అక్కడే కూలబడింది. పదిసార్లు ప్రయత్నించాడు. రోగం పోతూ పోతూ గొంతులోని ఆ వెలుగును కూడా పట్టుకుపోయింది. అతను ఇంజను వేసుకుని ఒడ్డుకొచ్చి, గాలి బాగుందని అందరితో చెప్పాడు. ఆ రోజు నుంచి అతనికి తమ్ముడు అవసరానికి ఆదుకున్నవాడు కాడు. తన తిండీ తన పేరూ మింగి కూర్చున్నవాడు. చీకట్లోంచి ఆ గొంతు లేచినప్పుడల్లా క్రేలిస్‌కి ఒంటికి కారం పూసినట్టుండేది.

ఇదంతా తమ్ముడి ముందు ఎలా చెబుతాడు? చెప్పలేదు.

“గొంతును దాచుకుంటున్నాను,” అన్నాడు. “అవసరమైనప్పుడు తీస్తాను. నీ గొంతుకంటే నాది మంచిదని నీకూ తెలుసు. పనివాడు చేసే పనికి యజమాని చేతులు నొప్పించుకోడు.”

సీమ్ మొహం ఎర్రబడలేదు. అదే క్రేలిస్‌ని భయపెట్టింది.

“మంచిదే,” అన్నాడు సీమ్. “అయితే ఈ సాయంత్రం తియ్యి. నేను ముందు వరసలో కూర్చుని వింటాను.”

పెరటి తలుపు దగ్గర చెక్క చెప్పుల చప్పుడైంది. వాళ్ళమ్మ త్రైన్. తిరునాళ్ళ కోసం పాతకాలపు నల్ల పావడా, మెడలో పగడాల పేట, నెత్తిన గంజి పెట్టిన తెల్ల టోపీ. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు.

“అమ్మా, నువ్వైనా చెప్పు వీడికి,” అన్నాడు క్రేలిస్.

“ఏం చెప్పను?” అంది ఆవిడ. “ఆ పాట రేడియోలో మొదటిసారి వచ్చినరోజు బంగాళదుంపలు చెక్కుతున్నాను. కత్తి కింద పెట్టేశాను. నేను కన్న గొంతు నాకు తెలీదా? ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని రెండేళ్ళు చూశాను. నువ్వు దొంగతనం చేశావు. వీడు కాపలా కాశాడు. ఇప్పుడు వాటాల దగ్గర కొట్టుకుంటున్నారు. నన్ను మధ్యలోకి లాగకండి.” కోడలి భుజం మీదనుంచి పిల్లాణ్ణి అందుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

నాలుగింటికి రేవు కిటకిటలాడింది. వేయించిన చేపల వాసన, బీరు వాసన. కట్ట మీద మనుషులు, పడవల కప్పుల మీద మనుషులు. ముందు వరస కుర్చీల్లో టోపీలు పెట్టుకున్న పెద్దావిడలు. మధ్యలో త్రైన్, ఒళ్ళో మనవడు. ఆవిడ పక్కన తెల్ల చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని సీమ్. అతని పక్కన నేల్.

వేదిక వెనక బోర్డింగ్ చెమటలు కక్కుతున్నాడు. “పక్క ఊరి నుంచి బేస్ వాయించేవాణ్ణి తెచ్చాను. పాడేవాణ్ణి ఎక్కణ్ణుంచి తేను? కడుపునొప్పని పడుకో. నేను చూసుకుంటాను.”

“పాడతాను,” అన్నాడు క్రేలిస్. పొద్దున తను అన్న మాట తన మెడకే చుట్టుకుంది. ఇప్పుడు పడుకుంటే సీమ్ గెలిచినట్టు.

అతను వేదిక మీదికి రాగానే రేవు హోరెత్తింది. నలుగురు కలిసి పాడే పాటలు రెండు ముందు వేశారు. మిగతా ముగ్గురి గొంతుల మాటున బండి నడిచింది. తరవాత ‘ఐస్ ఆన్ ది హార్బర్’ గిటారు మొదలైంది.

మొదటి చరణానికి జనం ఊగారు. రెండో చరణానికి ఊగడం తగ్గింది. ఆ ఊళ్ళో చర్చిలో పాడని ఇల్లు లేదు. వాళ్ళ చెవుల్ని మోసం చెయ్యడం కష్టం. ముందు వరసలో ఒక ముసలావిడ పక్కావిడ వైపు వంగి ఏదో అంది. పక్కావిడ పెదవి విరిచింది. సీమ్ మాత్రం కదల్లేదు. కళ్ళార్పకుండా అన్న నోటినే చూస్తున్నాడు. మూడో చరణం వచ్చింది. క్రేలిస్ కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా కూడగట్టుకుని పైకి ఎగిరాడు.

గొంతు చీలింది. చీలి, కీచుమని, ఆగిపోయింది.

కట్ట మీద ఎవరో నవ్వారు. ఈలలు. “పడవ మునిగింది రోయ్!” అని ఒక గొంతు. సగం తిన్న చేప ఒకటి వచ్చి అతని బూటు మీద పడింది. గిటారూ డ్రమ్సూ తడబడి ఆగాయి.

వేదిక పక్కన టేపు యంత్రం దగ్గరకు బోర్డింగ్ ఉరికాడు. స్టూడియో టేపును అతను ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్నాడు. బెదిరిన మనిషికి బుద్ధి పనిచెయ్యదు. మీట నొక్కేశాడు. స్పీకరు పెట్టెల్లోంచి ఆ పాటే, పై స్థాయిలో, గాజులా తళతళలాడుతూ రేవంతా పరుచుకుంది. వేదిక మీద ఎవరి వేలూ తీగ మీద లేదు. క్రేలిస్ నోరు మూసుకునే ఉంది.

రెండు క్షణాలు ఎవరికీ అర్థం కాలేదు. ఆ తరవాత అందరికీ ఒకేసారి అర్థమైంది.

“దొంగ నాకొడుకు! టేపు పెట్టి నోరాడిస్తాడా!”

“మనూళ్ళో, మన ముందా?”

“దిగరా కిందికి!”

ఇంకో చేప, తరవాత ఒక సీసా. బోర్డింగ్ టేపు ఆపి బల్ల కింద దాక్కున్నాడు. క్రేలిస్ మైకు పట్టుకున్నాడు. మంచితనం పుట్టి చెప్పాడో, వేరే దారి లేక చెప్పాడో అతనికే తెలీదు.

“ఆగండి! అది టేపే. కాని ఆ గొంతు నాది కాదు. నా గొంతు రెండేళ్ళ క్రితమే పోయింది. నయమైంది గాని తిరిగి రాలేదు. మీరు ఇన్నాళ్ళూ విన్నది నా తమ్ముడు సీమ్‌ని. పత్రికలో వాడి గురించి నేనన్నది అబద్ధం.”

రేవు చల్లబడింది. జనమంతా సీమ్ వైపు తిరిగారు. క్రేలిస్ మెట్లు దిగి వచ్చి అతని ముందు నిలబడి మైకు చాపాడు. కోరిన మాట చెప్పేశాను కదా, ఇంకేం కావాలి అన్నట్టు చూశాడు.

సీమ్ లేచాడు. మైకు పక్కకు పట్టుకుని, అన్నకు మాత్రమే వినపడేలా అన్నాడు. “పొద్దున చెప్పి ఉంటే నీ కాళ్ళు మొక్కేవాణ్ణి. ఇప్పుడు చేపలు మీద పడ్డాక చెబుతున్నావా?”

తరవాత మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“మా అన్న అబద్ధమాడుతున్నాడు,” అన్నాడు. “నేను ఏనాడూ పాడలేదు. రికార్డు మీద ఉన్న పేరు ఆయనదే, గొంతూ ఆయనదే. బద్ధకించి టేపు తెచ్చుకుని, పట్టుబడేసరికి నన్ను అడ్డం పెట్టుకుంటున్నాడు.”

నేల్ తెల్లబోయి మొగుడి చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకున్నాడు. నిజం చెప్పినందుకు ఇంత దెబ్బ తగులుతుందని క్రేలిస్ ఎప్పుడూ అనుకోలేదు. జనం మళ్ళీ రేగారు. కొందరు క్రేలిస్‌ని తిడుతుంటే, ఇంకొందరు అన్నదమ్ములిద్దరినీ కలిపి తిట్టారు. అంతలో కట్ట మీద నుంచి ఒక ముసలి జాలరి చేతులు నోటి చుట్టూ పెట్టుకుని కేకేశాడు.

“త్రైన్! తారోళ్ళ త్రైన్! నీ కొడుకులే కదా. నువ్వు చెప్పు, ఎవడిది ఆ గొంతు?”

“చెప్పు త్రైన్!” అన్నారు పదిమంది. తరవాత వందమంది.

త్రైన్ మనవణ్ణి కోడలి ఒళ్ళో పెట్టి లేచింది. ఎవరి చెయ్యీ అందుకోకుండా మెట్లెక్కింది. వేదిక మీద నిలబడి, కింద తలవంచుకున్న పెద్దకొడుకునీ తల ఎగరేసిన చిన్నకొడుకునీ ఒక్కో చూపు చూసింది. ఆవిడ చెయ్యి ఎత్తగానే ఊరు నిశ్శబ్దమైంది. ఆవిడకు మైకు అక్కర్లేకపోయింది.

“నా మాట మీరెందుకు నమ్మాలి? తల్లిని, ఎవడో ఒకణ్ణి వెనకేసుకొస్తాననుకుంటారు. మీకు చెవులున్నాయి. నా కొడుకులిద్దరి నోటా ఆ మూడో చరణం విని మీరే తేల్చండి. పెద్దవాడు పాడింది విన్నారు.” ఆవిడ వేలు సీమ్ వైపు తిరిగింది. “ఇక నువ్వు ఎక్కు పైకి. ఇక్కడే, ఇప్పుడే, వాయిద్యం లేకుండా పాడు.”

సీమ్ మొహంలో నెత్తురు దిగిపోయింది. అది క్రేలిస్ ఒక్కడే దగ్గరగా చూశాడు. ఉన్న గొంతుతో పాడితే ఊరి ముందు అబద్ధాలకోరవుతాడు. కావాలని చెడగొట్టి పాడితే ఆ గొంతు ఇక ఎప్పటికీ తనదని చెప్పుకోలేడు.

జనం దారి ఇచ్చారు. సీమ్ ఒక్కో మెట్టే ఎక్కి తల్లి పక్కన నిలబడ్డాడు. పెదాలు తడుపుకుని, ఒక్కసారి కిందనున్న అన్న వైపు చూసి, నిండా ఊపిరి పీల్చాడు.